మానని చర్మవ్యాధులు - సూక్ష్మజీవుల పాత్ర
(ప్రసంగ పాఠము)



గ్రామములలో ఆరోగ్యమును గూర్చి మాట్లాడబూనినపుడెల్ల మాకొక ప్రశ్న తప్పక ఎదురగుచుండును. మూడేండ్ల బిడ్డను చంక నెత్తుకొని తల్లి ముందుకు వచ్చును. బిడ్డ మోచేతి మడతలలోను, మోకాళ్ల వెనుకను చర్మము ఎఱ్ఱబారి, చిట్లి, రసి కారుచుండును. రాత్రియంతయు బిడ్డ గోకుకొనుటయే గాని నిద్ర లేదు. "ఇది పురుగు వలన వచ్చినదా అయ్యా? సూది వేయించిన పోవునా? పెద్దదానికి కూడ అంటుకొనునా?" అని ఆమె అడుగును.

చూచుటకు ఇవి చిన్న ప్రశ్నలే. కాని మొదటి ప్రశ్నను గూర్చి వైద్యశాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా వాదించుచునే యున్నారు. ఆ వాదము ఎటు తేలునో దానినిబట్టియే తక్కిన రెండింటికిని జవాబు. వ్యాధికి మూలము సూక్ష్మజీవియే యైనచో దానిని చంపు మందు ఇచ్చిన చాలును. కానిచో ఆ మందునకై పెట్టిన డబ్బు వ్యర్థము. అంతేకాక రేపు నిజముగా అవసరము కలిగినపుడు ఆ మందే పనిచేయకుండ పోవచ్చును. బిడ్డను తోడి పిల్లలనుండి వేఱుగా కూర్చుండబెట్టవలెనా వద్దా యనునదియు దీనిపైననే యున్నది. కావున నేడు ఈ విషయమును కొంచెము నిదానముగా విచారింతము.

ముందుగా పేర్ల సంగతి. దురద పెట్టు ప్రతిదానిని గజ్జి యనియో తామర యనియో పిలుచుట మన వాడుక. ఇవి అన్నియు ఒకటి కావు. గజ్జి యనునది కంటికి సరిగా ఆనని చిన్న పురుగు చర్మమును తొలుచుకొని లోపల గ్రుడ్లు పెట్టుటచే కలుగును. 1687లో ఇటలీ దేశమున బోనోమో, చెస్తోని అను నిరువురు దానిని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించిరి. అది అంటురోగము, ఇంటిల్లిపాదియు ఒకేసారి మందు పూసికొననిదే వదలదు. గుండ్రని అంచుతో చక్రమువలె పెరుగు తామర బూజు జాతికి చెందిన శిలీంధ్రము వలన వచ్చును. అదియు అంటును. కుష్ఠువ్యాధికి మూలమైన బాక్టీరియాను 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనిపెట్టెను. ఈ మూడింటిలోను దోషి ఎవరో మనకు తెలియును. దోషిని తొలగించు మందులును ఉన్నవి.

మేము చెప్పబోవునది వేఱు రెండు వ్యాధులను గూర్చి. ఒకటి ఎగ్జిమా. పైన చెప్పిన బిడ్డకు వచ్చినది ఇదియే. దీనిని కూడ పలువురు తామర యనియే పిలుచుటచే బూజు మందులు పూసి మోసపోవుచున్నారు. రెండవది సోరియాసిస్. చర్మముపై ఎఱ్ఱని మచ్చలు లేచి, వానిపై తెల్లని పొలుసులు పొరలు పొరలుగా రాలుచుండును. రెండును ఏండ్ల తరబడి ఉండునవే. తగ్గినట్లే తగ్గి మరల తిరుగబెట్టునవే. చర్మము లోపల ఎడతెగని వాపు, మంట ఉండుట రెండింటికిని సామాన్య లక్షణము. ఈ మంటను రగిల్చుచున్నది ఎవరు అనునదే ప్రశ్న.

మన చర్మము ఇంటిగోడ వంటిది. పెద్దవారికి అది రెండు చదరపు మీటర్ల వరకు ఉండును. చచ్చిన కణములు ఇటుకలవలె పేర్చబడియుండ, వాని నడుమ క్రొవ్వు పదార్థములు సున్నమువలె అతికియుండును. ఈ గోడ లోపలి తడిని బయటికి పోనీయదు. బయటి మలినమును లోనికి రానీయదు. గోడపై లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురముండుట సహజమే. వానిలో పెక్కు మనకు హాని చేయకపోగా, చెడ్డవానికి చోటు దక్కనీయక మేలు చేయుచున్నవి. కావున చర్మముపై బాక్టీరియా కనబడినంత మాత్రమున రోగమని బెదరవలసిన పని లేదు.

ఆ చెడ్డవానిలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్. స్కాట్లండు దేశమున అబర్డీన్ నగరపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములో ద్రాక్షగుత్తులవలె కనబడిన సూక్ష్మజీవులను పరిశీలించి 1882లో దానికి ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి యని దాని యర్థము. పెంచినపుడు బంగారు వన్నెతో పెరుగు రకమునకు 1884లో ఆరియస్ అను పేరు చేరినది. సెగగడ్డలకు, చీముపొక్కులకు తఱచుగా ఇదియే మూలము. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ ప్రభావమును మొట్టమొదట గమనించినదియు ఈ స్టాఫిలోకాకస్‌ను పెంచిన పళ్లెములోనే.

అది సూక్ష్మజీవుల వేట జోరుగా సాగుచున్న కాలము. ప్రతి రోగమునకును ఒక క్రిమి యుండితీరునని వైద్యులు నమ్మిన రోజులు. హాంబర్గు నగరమున ఉన్నా అను గొప్ప చర్మవైద్యుడు ఎగ్జిమా కూడ ఒక జాతి బాక్టీరియా వలననే కలుగునని గట్టిగా వాదించెను. ఆ వాదము నిలువలేదు. ఆయన చూపిన క్రిమి ఆరోగ్యవంతుల చర్మముపైనను కనబడుచుండెను. తరువాత చాలకాలము వైద్యులు ఎగ్జిమాను లోపలినుండి పుట్టు వ్యాధిగనే భావించుచు వచ్చిరి.

1974లో అమెరికాలో లేడెన్, మార్పుల్స్, క్లిగ్మన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఎగ్జిమా మచ్చలనుండి నమూనాలు తీసి పరీక్షించిరి. నూటికి తొంబది మచ్చలలో ఆ బంగారు వన్నె స్టాఫిలోకాకసే కనబడినది. దానితో పాత ప్రశ్నకు మరల ప్రాణము వచ్చినది. అటు పిమ్మట వివిధ దేశములలో జరిగిన పరిశోధనల నన్నిటిని కలిపి 2016లో లెక్క కట్టగా, ఎగ్జిమా మచ్చలలో నూటికి 70 పాళ్లును, అదే రోగుల మచ్చలేని చర్మముపై నూటికి 39 పాళ్లును ఈ క్రిమి యున్నట్లు తేలినది. 2012లో వెలువడిన మఱియొక పరిశోధనలో, బిడ్డలకు వ్యాధి తీవ్రమైనపుడు చర్మముపై తక్కిన మంచి సూక్ష్మజీవులన్నియు తగ్గిపోయి ఈ యొక్క జాతియే పెచ్చుపెరుగునని కనుగొనిరి. వ్యాధి శాంతించినపుడు పాత కాపురస్థులు మరల వచ్చి చేరుచుండిరి.

ఇంత తెలిసిన తరువాత ఈ క్రిమియే కారణమని తీర్మానించిన తప్పేమి యని మీరడుగవచ్చును. పుండుమీద ఈగలు ముసరుట మన మెఱుగుదుము. ఈగలున్నవి గనుక ఈగలే పుండును చేసినవని ఎవరును అనరు. రసి కారు చిట్లిన చర్మము ఈ క్రిమికి అట్టి ఆకర్షణమే. కావున ముందు ఏది వచ్చినదో తేల్చవలసి యున్నది.

2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల బృందము చర్మపు గోడకు బలమునిచ్చు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తును, దానిని తయారుచేయించు జన్యువును పరిశీలించి, ఆ జన్యువు చెడినవారికి ఎగ్జిమా వచ్చు అవకాశము ఎక్కువ యని నిరూపించిరి. అనగా కొందఱి గోడ పుట్టుకతోనే బలహీనము. ఇటుకల నడుమ సందులుండుటచే తడి యారిపోవును. మలినము, క్రిములు లోనికి చొచ్చును. లోపలి కావలివారు మంట రగిల్తురు. ఇది చూచినచో గోడయే ముందు, క్రిమి తరువాత యని తోచును.

కాని కథ అంత తేలికగా ముగియలేదు. పుట్టిన నాటినుండి పసిబిడ్డలను గమనించుచు స్విట్జర్లండులో జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఎగ్జిమా బయటపడుటకు ముందే ఆ బిడ్డల చర్మముపై స్టాఫిలోకాకస్ ఆరియస్ ఎక్కువగా చేరియుండినట్లు కనబడినది. అదే 2017లో ఐర్లండు బిడ్డలపై వెలువడిన మఱియొక పరిశోధనలో అట్టిదేమియు కానరాలేదు. అక్కడ వ్యాధి రాబోవు బిడ్డల చర్మముపై మేలుచేయు జాతులే తక్కువగా నుండెను. ఇద్దఱును నిజాయితీగా పనిచేసినవారే. ప్రకృతి మనకు జవాబును ఒకే ముక్కలో చెప్పుటకు ఇష్టపడలేదు, అంతే.

ఇక ఈ క్రిమి అమాయకమైన ఈగ మాత్రము కాదు. అది విడుచు విషపదార్థములు చర్మములోని కావలి కణములను రెచ్చగొట్టును. అది విడుచు కొన్ని కిణ్వములు గోడను మరింత కొఱికివేయును. 2023లో అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు ఒక వింతను బయటపెట్టిరి. ఈ బాక్టీరియా విడుచు ఒకానొక కిణ్వము చర్మములోని నరములను సూటిగా తాకి దురద పుట్టించుచున్నదని ఎలుకలపై ప్రయోగములలో చూపిరి. వాపు లేకున్నను దురద పుట్టును! దురద పుట్టిన బిడ్డ గోకును. గోకిన చర్మము చిట్లును. చిట్లినచోట క్రిమి మరింత పెరుగును. ఈ చక్రము ఎక్కడ మొదలైనను, ఒకసారి తిరుగుట మొదలిడిన పిమ్మట ఆపుట కష్టము. తల్లులు చెప్పు నిద్రలేని రాత్రుల వెనుక ఇంత కథ యున్నది.

మఱి క్రిమిని చంపు యాంటీబయాటిక్ మందు ఇచ్చి చూచిరా? చూచిరి. బ్రిటన్‌లో 113 మంది ఎగ్జిమా పిల్లలపై జరిపిన పరీక్షా ఫలితములు 2017లో వెలువడినవి. వీరి మచ్చలు కొద్దిగా క్రిమి సోకినట్లు కనబడునవి. కొందఱికి నోటి ద్వారా యాంటీబయాటిక్, కొందఱికి పూత యాంటీబయాటిక్, కొందఱికి మందులేని ఉత్త పూత, ఉత్త ద్రవము ఇచ్చిరి. మామూలు ఎగ్జిమా పూతమందు మాత్రము అందఱికిని ఇచ్చిరి. తుదకు చూడగా యాంటీబయాటిక్ పుచ్చుకొన్నవారికి చెప్పుకోదగిన అధిక లాభము ఏమియు కలుగలేదు. మఱియొక వైపు, డుపిలుమాబ్ అను కొత్త సూదిమందు ఉన్నది. ఇది క్రిమిని చంపునది కాదు. లోపలి మంటను మాత్రమే అణచును. చాల ఖరీదైనది. ఆ మందు పుచ్చుకొన్న వారి చర్మముపై స్టాఫిలోకాకస్ దానంతట అదే తగ్గిపోయినది. మంట ఆరినచో గోడ బాగుపడును. గోడ బాగుపడినచో క్రిమికి తావు లేదు. కావున ఎగ్జిమాలో ఈ క్రిమిని మూలకారణమనుట కంటె, రగిలిన నిప్పులో నెయ్యి పోయు తోడుదొంగ యనుట సమంజసమని మా అభిప్రాయము.

ఇట్లని సూక్ష్మజీవిని మూలకారణముగా తలచుటయే అవివేకమనరాదు. కడుపులో పుండ్లకు కారము, చింత, ఆమ్లము కారణములని లోకమంతయు నమ్మియుండగా, ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ అనువారలు 1982లో ఒక బాక్టీరియాను చూపిరి. మొదట నవ్విన లోకమే 2005లో వారికి నోబెల్ బహుమానమిచ్చినది.

సోరియాసిస్ సంగతి మఱియొక తీరు. అక్కడ దొంగ ఒకచోట, దొరికిన సొమ్ము మఱియొకచోట. పిల్లలకును యువకులకును గొంతునొప్పి, జ్వరము వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు ఒళ్లంతయు చినుకులు చల్లినట్లు చిన్న చిన్న ఎఱ్ఱని మచ్చలు లేచుట కద్దు. చినుకు సోరియాసిస్ అని దీనిని చెప్పుకొనవచ్చును. ఆ గొంతునొప్పికి కారణము స్ట్రెప్టోకాకస్ అను బాక్టీరియా. అయితే మచ్చలలో ఆ క్రిమి లేదు. అది గొంతులోనే యున్నది. మఱి చర్మమేల రగిలినది? ఆ క్రిమి పైపొరలోని ఒక పదార్థము, మన చర్మములోని కెరటిన్ అను పదార్థము కొంతవరకు ఒకే పోలిక గలవి. క్రిమిని పట్టుకొనుటకు బయలుదేరిన కావలి కణములు పోలిక చూచి పొరబడి మన చర్మము మీదనే విరుచుకుపడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అందఱికిని ఇట్లు జరుగదు. కొన్ని వంశములలో ఉండు జన్యులక్షణము దీనికి దోహదము చేయును.

ఐస్లండు దేశమున, గొంతునొప్పి వచ్చినపుడెల్ల సోరియాసిస్ ముదురుచున్న 29 మందిని ఎన్నుకొని, వారిలో 15 మందికి టాన్సిల్సు తీసివేసి, తక్కినవారిని అట్లే ఉంచి రెండేండ్లు గమనించిరి. 2012లో ప్రకటించిన ఫలితము లివి: శస్త్రచికిత్స అయిన 15 మందిలో 13 మందికి వ్యాధి 30 నుండి 90 శాతము వరకు తగ్గినది. చూచితిరా, ఇక్కడ బాక్టీరియా పాత్ర ఎంత బలముగా నున్నదో! అయినను సోరియాసిస్ ఉన్నవారందఱును టాన్సిల్సు తీయించుకొనవలెనని దీని యర్థము కాదు. ఆ 29 మందియు గొంతునకును చర్మమునకును సంబంధము స్పష్టముగా కనబడినవారు. పైగా గొంతునొప్పికి యాంటీబయాటిక్ ఇచ్చినంత మాత్రమున లేచిన మచ్చలు మాయమగునని చెప్పుటకు తగిన సాక్ష్యము లేదు.

ఇక్కడ మన తెలుగువారికి సంబంధించిన సంగతి యొకటి చెప్పవలెను. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండిరి. ఆ పరిశోధనాలయమున డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదియే ఆది. ఆ జాతిలోని డాక్సీసైక్లిన్ చర్మవ్యాధులలో నేటికిని వాడుకలో నున్నది. ముఖము ఎఱ్ఱబారి పొక్కులు వచ్చు రోజేసియా అను జబ్బునకు, బాక్టీరియాను చంపజాలనంత తక్కువ మోతాదులో - దినమునకు 40 మిల్లీగ్రాములు - ఇచ్చుటకు అమెరికాలో 2006లో అనుమతి లభించినది. క్రిమి చావకున్నను వ్యాధి తగ్గును! ఈ మందు క్రిమిని చంపుటయే గాక మంటను కూడ అణచునన్న మాట. "యాంటీబయాటిక్ వేసికొంటిని, తగ్గినది, కావున ఇది క్రిమిరోగమే" అను వాదము ఎంత బలహీనమో దీనివలన తెలియగలదు.

అయితే పల్లెలో మనము చేయవలసినదేమి? తల్లి యడిగిన మూడవ ప్రశ్నకు జవాబు ఖండితముగా చెప్పవచ్చును. ఎగ్జిమా గాని సోరియాసిస్ గాని ఒకరినుండి ఒకరికి అంటవు. ఆ బిడ్డను బడిలో వేఱుగా కూర్చుండబెట్టుట, సోరియాసిస్ ఉన్నవానికి క్షౌరము చేయుటకు వెనుదీయుట, ఆడపిల్ల సంబంధము తప్పిపోవుట - ఇవి వ్యాధి చేసిన హాని కంటె ఎక్కువ హాని చేయుచున్నవి. తెలియకపోవుటయే దీనికి కారణము.

ఎగ్జిమా బిడ్డకు నిత్యమును గోడ బాగుచేయు పని జరుగుచుండవలెను. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానము చేయింపుడు; మరిగిన నీరు వద్దు, నలుగు పెట్టి రుద్దవద్దు. ఒడలు మెత్తగా తుడిచి, ఇంకను తడిగా నున్నపుడే వాసెలిన్ గాని వైద్యుడు చెప్పిన లేపనము గాని పట్టింపుడు. కొబ్బరినూనెను గూర్చి మమ్ములను తఱచుగా అడుగుదురు. మేలైన పచ్చికొబ్బరి నూనె పూసినచో చర్మముపై స్టాఫిలోకాకస్ తగ్గినట్లు ఫిలిప్పైన్స్ దేశమున ఎగ్జిమా రోగులపై జరిపిన పరీక్షలో 2008లో తేలినది. కావున అట్టి నూనెను మొదట చేతిమీద కొద్దిగా పూసి చూచి, మంట లేనిచో నిశ్చింతగా వాడుకొనవచ్చును. గోళ్లు కత్తిరింపుడు, నూలు బట్టలే తొడుగుడు. కిరసనాయిలు, జిల్లేడుపాలు, నల్లజీడి మాత్రము దరికి రానీయవద్దు. ఇవి చర్మమును కాల్చును. నల్లజీడి అయితే మంచి చర్మమునకు కూడ పుండు పుట్టించును.

మందుల దుకాణములో దొరకు పూతమందులను గూర్చి గట్టిగా చెప్పవలసి యున్నది. స్టీరాయిడు, బూజు మందు, యాంటీబయాటిక్ మూడును కలిపిన గొట్టములు అమ్ముచుందురు. పూయగానే దురద తగ్గును. మానగానే రెట్టింపుగా వచ్చును. బూజు తామరపై పూసినచో తామర ఒళ్లంతయు ప్రాకును. ముఖముపై నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడి నరములు తేలును. అట్లని స్టీరాయిడే విషమని భయపడవలదు. వైద్యుడు చెప్పిన బలము గలది, చెప్పినచోట, చెప్పినన్ని దినములు పూసినచో ఎగ్జిమాకు అదియే మంచి మందు. చెడిన దంతయు వైద్యుని చీటీ లేకుండ కొనుటలోనే యున్నది. యాంటీబయాటిక్‌లకును ఇదియే వర్తించును. పెన్సిలిన్ వాడుకలోనికి వచ్చిన కొలది ఏండ్లకే ఆసుపత్రులలోని స్టాఫిలోకాకస్ దానికి లొంగుట మానినది. తరువాత వచ్చిన మెథిసిలిన్‌కు లొంగని రకము 1961లోనే బ్రిటన్‌లో బయటపడినది.

మఱి యాంటీబయాటిక్ నిజముగా కావలసిన సమయములు లేవా? ఉన్నవి; వానిని గుర్తించుట ఇంటివారికి కష్టము కాదు. మచ్చలపై తేనెరంగు పక్కు కట్టుట, చీము పట్టుట, చుట్టును వేడియెక్కి నొప్పి పుట్టుట, గజ్జలలో గాని చంకలో గాని బిళ్ల కట్టుట, జ్వరము - వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఎగ్జిమా బిడ్డకు జ్వరముతో పాటు ఒకే పరిమాణము గల నీటిపొక్కులు గుంపుగా లేచి పగిలి గుంటలు పడినచో అది బాక్టీరియా కాక వేఱొక వైరసు కావచ్చును. అట్టిచో ఆ దినమే పెద్దాసుపత్రికి చేర్చవలెను. గజ్జి పుండ్లలో స్ట్రెప్టోకాకస్ చేరినచో కొన్నాళ్లకు మూత్రపిండములు చెడుట కలదు. చర్మపు పుండ్లున్న బిడ్డకు ముఖము ఉబ్బినను, మూత్రము ఎఱ్ఱగా నల్లగా వచ్చినను ఉపేక్షింపరాదు.

వైద్యునివద్దకు పోవునపుడు ఇదివఱకు పూసిన గొట్టములను, మ్రింగిన మాత్రల అట్టలను ఒక సంచిలో వేసి వెంట తీసికొనిపొండు. ఖాళీ అయినను సరే. ఏ మందు ఎన్ని దినములు వాడితిరో, మచ్చలు లేచుటకు ముందు గొంతునొప్పి వచ్చినదో లేదో, ఇంటిలో మఱెవరికైన దురద యున్నదో గుర్తుంచుకొని చెప్పుడు. మీ గ్రామపు ఆశా కార్యకర్తతో ముందుగా మాట్లాడినచో చర్మవైద్యుడు ఏ ఆసుపత్రిలో ఏ వారమున ఉండునో ఆమె కనుగొని చెప్పగలదు.